రెఫ్ ఎక్కడ రాయాలి

2024 జులై 8, సోమవారం

పుస్తకాల షాపు సైటును వ్యూ ఫ్రేమ్‌వర్క్ 2 నుంచి 3కి మార్చే పని మొదలైంది. పాతదానికి మద్దతు పోయిన డిసెంబర్ 31తో ఆగిపోయింది, ఇక వాయిదా వెయ్యడానికి లేదు. కార్ట్ ఫైలు తెరవగానే పక్క సీటు అమ్మాయి అడిగింది: "అక్కా, ఈ టోటల్ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఫైలంతా వెతికినా లేదు."

ఉండదు మరి. పైన మూడు మిక్సిన్లున్నాయి, వేరే ఫైళ్ళలోని ఫంక్షన్లని ఇందులో కలిపేవి. రెండింట్లో టోటల్ అనే ఫంక్షన్ ఉంది: ఒకటి పుస్తకాల ధరలే కూడుతుంది, ఇంకోటి పోస్టేజీ కూడా కలుపుతుంది. పేర్లు కలిస్తే జాబితాలో తర్వాతున్న మిక్సిన్‌దే చెల్లుతుంది. వ్యూ హెచ్చరించదు కూడా. ఎవరైనా వరస మారిస్తే బిల్లే మారిపోతుంది! ఒక పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివేవాళ్ళకి ఆ ఫైల్లోనే తెలియాలి. ఇందులో నేను రాజీపడను.

జులై 10, బుధవారం

మిక్సిన్లలోంచి తీసిన ఫంక్షన్ల సంగతి తొందరగా తేలింది. రూపాయల ఫంక్షన్‌కి 1234567 ఇస్తే 12,34,567 అని మన లక్షల లెక్కన కామాలు పెడుతుంది. అది ఏదీ గుర్తుపెట్టుకోదు. మామూలు జావాస్క్రిప్ట్ ఫైల్లో రాసి ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు, కావలసినవాళ్ళు ఇంపోర్ట్ చేసుకుంటారు. గ్లోబల్ ప్రాపర్టీస్‌లో పెడదామని ఒకరన్నారు, వద్దన్నాను.

చిక్కంతా వేరియబుల్స్‌తోనే. 'కొను' బటన్ పుస్తకం కార్డ్‌లో ఉంది, కార్ట్ అంకె హెడర్‌లో ఉంది. ప్రాప్స్‌తో పంపితే మధ్యలో ఏ సంబంధమూ లేని కాంపోనెంట్లు కూడా దాన్ని మొయ్యాలి. అందుకని యూజ్‌కార్ట్ అనే కంపోజబుల్ ఫంక్షన్ రాసి, అమ్మాయికి రెండు రకాలుగా నడిపి చూపించాను. కార్ట్ విలువని ఉంచే రెఫ్‌ని ఫంక్షన్ లోపల రాస్తే పిలిచిన ప్రతి కాంపోనెంట్‌కీ ఓ కొత్త కార్ట్ పుడుతుంది. బటన్ నొక్కితే కార్డ్‌లో 1 అయింది, హెడర్‌లో 0 అలాగే ఉంది. అదే లైనును ఫంక్షన్ బయటికి, ఫైలు మొదట్లోకి తెచ్చాను. రెండూ ఒకేసారి మారాయి.

"మాడ్యూల్ ఒక్కసారే నడుస్తుంది, అందుకేనా అక్కా?" అంది. అందుకే. ఎవరూ చెప్పకుండా తనే అక్కడిదాకా వచ్చినందుకు ఎంత సంతోషమేసిందో!

జులై 12, శుక్రవారం

బయట రాసిన రెఫ్ బ్రౌజర్‌లో బాగానే ఉంటుంది, ఎవరి పేజీలో వాళ్ళకి ఫైలు విడిగా లోడవుతుంది కాబట్టి. కానీ మా పేజీలు సర్వర్‌లో తయారై వెళ్తాయి. నోడ్‌లో ఆ ఫైలు ఒక్కసారి లోడై, ప్రాసెస్ ఉన్నంతసేపూ అలాగే ఉంటుంది. అక్కడ ఆ రెఫ్ ఊరందరిదీ. గుంటూరులో ఒకరు వేసుకున్న పుస్తకం డాలస్‌లో ఇంకొకరి కార్ట్‌లో తేలొచ్చు. పుస్తకమైతే చికాకుతో పోతుంది. చిరునామా, ఫోన్ నంబరూ అయితే?

అందుకే సర్వర్‌లో ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త యాప్, కొత్త పినియా (వ్యూలో స్టోర్లని నడిపే లైబ్రరీ). కార్ట్ స్టోర్ అందులోంచే పుడుతుంది. ఆ పేజీ కాంపోనెంట్లన్నిటికీ అదే కార్ట్, పక్క రిక్వెస్ట్‌కి దాని ఊసే తెలియదు.

స్టోర్‌లోంచి వేరియబుల్‌ని విడదీసి తీసుకునేటప్పుడు స్టోర్‌టురెఫ్స్ వాడాలి, లేకపోతే విలువ మారినా స్క్రీన్ మారదు. ఫంక్షన్లని నేరుగా తీసుకోవచ్చు. సోమవారం నుంచి మిగతా ఫైళ్ళ రివ్యూ అమ్మాయిదే. ఫైలు మొదట్లో రెఫ్ కనబడితే అది ఎవరిదో రాసినవాళ్ళని అడక్కుండా దాటొద్దని చెప్పాను.