ములాఖత్ గదికి అటూ ఇటూ

జైలు ప్రహరీని ఆనుకుని వేసిన రేకుల షెడ్డు పొద్దున ఎనిమిదింటికే నిండిపోయింది. కౌంటర్ తెరిచేది తొమ్మిదిన్నరకు. అయినా మొదటి బస్సు దిగినవాళ్లు వచ్చి, తమ వంతు పోకుండా వరసలో చెప్పులు పెట్టి, సిమెంటు బల్లల మీద కూర్చున్నారు. అంతా తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. మగవాళ్లు తక్కువ. ఉన్న కొద్దిమందీ బయట వేపచెట్టు కింద నిలబడి వకీలుతోనో, జామీను ఇస్తానన్న చుట్టంతోనో ఫోన్లో మాట్లాడుతున్నారు.

ఇది తెలంగాణలోని ఒక జైలు. ఏ జైలో రాయవద్దని ములాఖత్‌కు వచ్చిన కుటుంబాలు అడిగాయి. పేపర్లో పడితే లోపలున్న తమవాడికి ఏమవుతుందోనని వాళ్ల భయం. అక్కడి అధికారులు నాతో మర్యాదగానే మాట్లాడారు, అడిగినవన్నీ చూపించారు. అయినా ఆ భయం మాత్రం షెడ్డులో ఎవరి ముఖంలోనూ తగ్గలేదు. లోపల మనిషి, బయట కుటుంబం. ఇద్దరి మధ్య నిలబడ్డ యూనిఫాం మనిషి మనసు ఎట్లా ఉంటే వాళ్లకు ఆ రోజు అట్లా గడుస్తుంది. చట్టం ఇచ్చిన హక్కు ఒక మనిషి దయగా ఎట్లా మారిపోతుందో నాకు అక్కడ తెలిసింది.

కౌంటర్ తెరిచాక పని చకచకా సాగింది. ఖైదీ పేరు, నంబరు, తండ్రి పేరు, వచ్చినవాళ్లు అతనికి ఏమవుతారో చెప్పాలి. ఆధార్ చూపించాలి. ఫొటో తీసి చీటీ చేతికిస్తారు. అక్కడ రిమాండ్ ఖైదీలకు వారానికి రెండు ములాఖత్‌లు, శిక్ష పడ్డవాళ్లకు అంతకన్నా తక్కువ. ఒకసారికి ముగ్గురికి మించి పంపరు. సెల్‌ఫోన్, పర్సు, చేతిసంచీ బయటే వదలాలి. డబ్బు ఖైదీ చేతికి ఇవ్వకూడదు, అతని పేరున కౌంటర్లో కట్టాలి. లోపల క్యాంటీన్లో సబ్బో బిస్కెట్లో కొనుక్కుంటే అందులోంచి పోతుంది.

అలవాటు పడ్డవాళ్లకు ఇదంతా సులువే. తొలిసారి వచ్చినవాళ్లకు ఒక్కటీ తెలియదు. నా ముందు నిలబడ్డ అమ్మాయి స్టీలు గిన్నెలో కోడికూర తెచ్చింది. భర్త అరెస్టయి వారమైందట. "వాపస్ తీస్కపో అమ్మా, వండింది లోపలికి పోదు" అన్నాడు కౌంటర్లోని వార్డర్. గొంతు పెంచలేదు. కానీ ఎందుకు పోదో చెప్పలేదు, ఏం తీసుకుంటారో కూడా చెప్పలేదు. వెనక వరస పెద్దది, అతనికి తీరిక లేదు. ఆమె గిన్నె పట్టుకుని పక్కకు జరిగితే, నాతో వచ్చిన పారా లీగల్ వాలంటీరు కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. గోడకు నిబంధనల బోర్డు ఉంది. అక్షరాలు చిన్నవి, సగం ఇంగ్లీషు, ఉర్దూ అసలే లేదు. మనిషంత ఎత్తున, చదవగలిగేంత పెద్దగా తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక బోర్డు రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కొడుకుకు యావజ్జీవం. "వరంగల్ల ఉన్నప్పుడు పొద్దుగాల పోయి పొద్దుమూకేటాళ్లకు ఇల్లు చేరేదాన్ని బిడ్డా. గిప్పుడు రాత్రి బస్సెక్కాలె. వచ్చుడు పోవుడు రెండు దినాల కూలి పాయె" అంది. వరంగల్ కేంద్ర కారాగారం నిజాం కాలంలో, 1886లో వెలిసింది. అక్కడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టేందుకు 2021లో దాన్ని కూల్చి, ఖైదీలను రాష్ట్రంలోని వేరే జైళ్లకు పంపారు. ఆసుపత్రి వద్దని ఎవరూ అనరు. ఆ నిర్ణయపు బరువులో కొంత ఈమె బస్సు చార్జీల మీద కూడా పడింది, ఆ లెక్క ఎక్కడా కనబడదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 59వది, ఖైదీని వీలైనంతవరకు ఇంటికి దగ్గరి జైల్లోనే ఉంచమంటుంది. జైలును కదిలించేటప్పుడు కుటుంబాలకు కనీసం దారి ఖర్చు ఇవ్వాలన్న ఆలోచన రావద్దా?

ఆడవాళ్ల తనిఖీకి పరదా కట్టిన చిన్న గది ఉంది. మహిళా వార్డర్ ఒక్కతే. నన్నూ తనిఖీ చేసింది. కొప్పు విప్పమంది, కొంగు దులపమంది, చెప్పుల అట్టలు వంచి చూసింది. "ఏమనుకోకు అక్కా, మా డ్యూటీ" అంది. ఒకరు బయటికి వచ్చాకే ఇంకొకరిని పిలిచింది. అది మంచి పద్ధతని నేనంటే, షెడ్డులోని ఆడవాళ్లు వేరే చోట తాము పడ్డ అవమానాలు చెప్పారు. ఇద్దరు ముగ్గురిని కలిపి నిలబెట్టి, అందరి ముందూ రవికె లోపల చెయ్యి పెట్టి వెతికిన గేట్లు ఉన్నాయట. మళ్లీ ఆ గేటు తొక్కలేక నెలల తరబడి తమ్ముణ్ని చూడటమే మానేశానని ఒకామె చెప్పింది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు 1894 నాటి కారాగారాల చట్టం గుర్తొస్తూనే ఉంది. తెల్లదొరలు రాసిన చట్టమది. ఖైదీని మనిషిగా చూడాలన్న తాపత్రయం వాళ్లకు పెద్దగా లేదు. అయినా దాని 41వ సెక్షన్, చూడవచ్చినవాళ్లను అనుమానానికి కారణం ఉన్నప్పుడు తనిఖీ చేయవచ్చునంటూనే, ఆ తనిఖీ ఏ ఖైదీ ముందూ, మరో సందర్శకుడి ముందూ జరగకూడదని చెప్పింది. ఒప్పుకోనివాళ్లను వెనక్కి పంపితే అందుకు కారణం రికార్డులో రాయాలని కూడా చెప్పింది. మండేలా నియమాల్లో 60వది కూడా ఈ తనిఖీ మనిషి పరువు తీసేదిగా ఉండకూడదనే అంటుంది. దొరల కాలంలో రాసిన ఆ కాస్త మర్యాదనైనా మన గేట్ల దగ్గర ఈనాటికీ పాటించకపోతే ఎట్లా?

ములాఖత్ గది పొడుగ్గా ఉంది. మధ్యలో అద్దం, అద్దానికి అటూ ఇటూ ఇంటర్‌కమ్ రిసీవర్లు. ఒకదాని తీగకు ఇన్సులేషన్ టేపు చుట్టారు, దాన్ని ఒక కోణంలో వంచి పట్టుకుంటేనే మాట వినిపిస్తోంది. ఆ సంగతి తెలిసిన ఒక ఖైదీ భార్య రిసీవర్ అందుకోగానే తీగ వంచి పట్టుకుంది. ఉన్నది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో కన్నీళ్ల కన్నా లెక్కలే ఎక్కువగా వినిపించాయి. చిట్టీ ఎవరు ఎత్తారు, బోరు మోటారు బాగుచేయించారా, పిల్లాడి ఫీజు గడువు ఎప్పుడు, వకీలు వాయిదాకు వచ్చాడా లేదా. ఇంటి పెద్ద జైల్లో ఉన్నా ఇంటి పనులు ఆగవు కదా.

ఆమెకు ఆ రోజు ఒక సంతకం కావాలి. సహకార బ్యాంకు లోను కాగితం మీద భర్త సంతకం లేకపోతే పంట రుణం రెన్యువల్ కాదు. అద్దం ఇవతలి నుంచి కాగితం పంపే వీలు లేదు. పోయినసారి ఇదే పనికి వస్తే రేపు రమ్మన్నారట. ఈసారి డిప్యూటీ జైలర్ స్వయంగా కాగితం తీసుకుని, ఆసాంతం చదివి, లోపల సంతకం పెట్టించి, తన ఎదుటే పెట్టాడని రాసి, జైలు ముద్ర వేసి తెచ్చి ఇచ్చాడు. అరగంట కూడా పట్టలేదు. ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆయన ఇబ్బందిగా, "నాకెందుకమ్మా దండాలు, ఇది మా పనే" అన్నాడు. ఆ మాటొక్కటి జైలు గేట్లన్నిటి మీదా రాసి పెట్టాలనిపించింది నాకు.

ఆయనతోనూ, ములాఖత్ గదిలో నిలబడి ఉండే హెడ్ వార్డర్‌తోనూ తర్వాత చాలాసేపు మాట్లాడాను. వాళ్ల వైపు బాధ కూడా చిన్నది కాదు. అరటిపండు చీల్చి గంజాయి కూరి తెచ్చినవాళ్లున్నారు. చెప్పు అడుగున సిమ్ కార్డు పెట్టినవాళ్లున్నారు. లోపల ఫోను దొరికితే మొదట మెమో వచ్చేది ఆ పూట డ్యూటీలో ఉన్న వార్డర్‌కే. "ములాఖత్ అయిన రోజు బ్యారక్ నిమ్మళంగ ఉంటది మేడం. ఎవరూ రాని మనిషి మీదనే మాకు రాత్రంత కన్నుంటది, ఏం చేసుకుంటడోనని" అన్నాడు హెడ్ వార్డర్. సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులో, జైళ్ల దుస్థితి మీద ఇచ్చిన తీర్పులో, అసహజ మరణాల గురించి మాట్లాడుతూ కుటుంబాల రాకపోకలను ప్రోత్సహించమంది, ములాఖత్ సమయం పెంచే సంగతి ఆలోచించమంది. ఆ తీర్పు చదవకుండానే ఈయన అదే మాట చెప్పాడు.

ఈ రెండు వైపుల మధ్య సంబంధం చెడితే ఎంత దూరం పోతుందో తిహార్ జైలు కథ చెబుతుంది. ఆ జైల్లో ఉన్న సునీల్ బాత్రా, తోటి ఖైదీ మీద ఒక హెడ్ వార్డర్ చేసిన అమానుషాన్ని సుప్రీంకోర్టుకు ఉత్తరంలో రాశాడు. చూడవచ్చే బంధువుల నుంచి డబ్బు గుంజడానికే ఆ చిత్రహింస పెట్టారన్నది అందులోని ఆరోపణ. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు, ఒంటరితనంలో ఉన్న ఖైదీకి అయినవాళ్లు వచ్చి చూడటమే ఊరట అని గుర్తించింది. ఆ తర్వాత 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ములిన్ కేసులో తీర్పు వచ్చింది. నిర్బంధంలో ఉన్న ఆ బ్రిటిష్ మహిళ, ఐదేళ్ల కూతురినీ తోబుట్టువునూ నెలకు ఒక్కసారే చూడనిస్తున్నారని కోర్టుకెక్కింది. అయినవాళ్లను కలుసుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని జస్టిస్ పి.ఎన్. భగవతి తేల్చి, నెలకు ఒక్కసారి అన్న నిబంధనను కొట్టేశారు. వారానికి కనీసం రెండుసార్లు కలవనివ్వాలన్నారు. షెడ్డులో కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. తెలిస్తే, అంత బతిమాలే గొంతుతో మాట్లాడరు.

పైగా జైలంటే నేరం రుజువైనవాళ్లుండే చోటు అనుకుంటాం. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. నూటికి 75 మందికి పైగా ఇంకా దోషులని తేలనివాళ్లే. వాళ్ల భార్యలు, తల్లులు ఏ నేరం చేశారని గేటు దగ్గర కసురుతాం?

వీడియోలో కలుసుకునే ఈ-ములాఖత్ వచ్చింది, మంచిదే. కోవిడ్ రోజుల్లో ములాఖత్‌లు ఆపేసినప్పుడు వీడియోలోనే అయినవాళ్ల ముఖం చూసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కానీ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేయాలన్నా, ఓటీపీ కొట్టాలన్నా భూపాలపల్లి ముసలామె చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఊళ్లో నెట్ సెంటర్‌కు పోతే వాళ్లడిగినంత ఇవ్వాలి. గ్రామ పంచాయతీ ఆఫీసులోనే ఆ సదుపాయం పెడితే రెండు రోజుల కూలి మిగిలిపోతుంది. జైళ్ల శాఖ, పంచాయతీరాజ్ శాఖ కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది.

మన రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ల శాఖలకూ నా విన్నపం కొద్దిదే. చదవగలిగే బోర్డు, గేటుకు ఇద్దరు మహిళా వార్డర్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, పనిచేసే రిసీవర్లు, తొలిసారి వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పడానికి ఒక మనిషి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు.

ఇది చదివే మీ ఊళ్లో ఎవరి ఇంటి మనిషైనా జైల్లో ఉంటే వాళ్లకు ఈ సంగతి చేరవేయండి. ములాఖత్ ఇవ్వకపోతే కారణం అడగవచ్చు, సూపరింటెండెంట్‌కు రాసి ఇవ్వవచ్చు. నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ, ఆదాయం ఎంతైనా సరే, 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ నంబరు 15100.