పార్వతి నుదుటి మచ్చ

పత్రికకి మీకు నచ్చిన పుస్తకం గురించి రాయండి అని మా తెలుగు సార్ చెప్పినారు. సార్, నచ్చని పుస్తకం గురించి రాయొచ్చా అని అడిగితే, కారణాలు చెప్తే రాయొచ్చు అన్నారు. అందుకే శరత్‌చంద్ర చటర్జీ ‘దేవదాసు’ గురించి రాస్తున్నాను.

ఈ పుస్తకం మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. మా కంటోన్మెంట్‌లో ఏ అబ్బాయైనా గడ్డం పెంచుకుని దిగులుగా తిరిగితే చాలు, “ఏమప్పా దేవదాసూ” అని పిలుస్తారు. మా జేజి అయితే సినిమా పేరు ఎత్తితేనే కళ్లు తుడుచుకుంటుంది. ఆ సినిమా 1953లో వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. 1953 అంటే మాకు సాంఘికశాస్త్రం పాఠం గుర్తొస్తుంది, జేజికి మాత్రం నాగేశ్వరరావు, సావిత్రి గుర్తొస్తారు. ఆమె చిన్నప్పుడు ఆ సినిమా మళ్లీ ఆడినప్పుడు చూసిందంట. “ఏడ్చుకుంటా వస్తిమి” అంటుంది.

శరత్ బెంగాలీ ఆయన. కానీ చక్రపాణి లాంటి వాళ్లు ఆయన నవలల్ని ఎంత బాగా తెలుగు చేసినారంటే, చాలామంది ఆయన్ని తెలుగు రచయితే అనుకున్నారంట. ‘చందమామ’ పెట్టిన చక్రపాణే ఈయన.

నేను చదవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నాకు తెలిసిన ఒక అక్క పీయూసీ చదువుతుంది (ఆమె సరే అన్నాకే ఇది రాస్తున్నాను). ఆమెతో ఒక అబ్బాయి మాట్లాడేవాడు. ఫోన్ తీసుకుని ఎవరెవరితో మాట్లాడిందో చూసేవాడు. ఒకరోజు అక్క మణికట్టు కమిలిపోయి ఉంది. ఇంట్లో బస్సు తలుపు తగిలిందని చెప్పింది. నాకు మాత్రం నిజం చెప్పి, “ప్రేమ ఉండేదానికే కదా కోపం” అనింది. నాకేం చెప్పాలో తెలీలేదు. ప్రేమ గురించి పెద్దవాళ్లందరూ మెచ్చుకున్న పుస్తకం ఉంది కదా, అందులో జవాబు ఉంటుంది, చదివి అక్కకి ఇద్దాం అనుకున్నాను.

కథ మొదలు బాగుంటుంది. పార్వతి, దేవదాసు ఒకే ఊళ్లో పక్కపక్క ఇళ్లల్లో పెరుగుతారు. బడి, చెట్లు, చేపలు పట్టడం, ఇవన్నీ మన ఊరి పిల్లల మాదిరే ఉంటాయి. కానీ చిన్నప్పుడే దేవదాసు పార్వతిని కొడతాడు. ఎవరు కొట్టినారని నాయనమ్మ అడిగితే పార్వతి పంతులుగారి పేరు చెప్తుంది. అక్కడ నేను పుస్తకం మూసేసి కొంచెంసేపు కూర్చున్నాను. బస్సు తలుపే గుర్తొచ్చింది.

పెద్దయ్యాక అంటే పార్వతికి పదమూడేళ్లు, దేవదాసుకి పంతొమ్మిది. పార్వతి నాకంటే రెండేళ్లు చిన్నది! ఆమె అర్ధరాత్రి ధైర్యం చేసి అతని గదికి వెళ్లి తన మనసులో మాట చెప్తుంది. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. దేవదాసు అమ్మానాన్నలకి ఎదురు చెప్పలేక కలకత్తా పోతాడు, నీ మీద నాకు అంత ఇష్టం ఎప్పుడూ లేదన్నట్టు ఉత్తరం రాస్తాడు. తర్వాత మనసు మారి తిరిగొస్తాడు. అప్పటికి ఆమెకి వేరే సంబంధం కుదిరింది. చెరువు మెట్ల దగ్గర ఆమె తల ఎత్తుకుని మాట్లాడుతుంది, మీకే అన్నీ ఉన్నాయా, నాకు లేవా అన్నట్టు. అతనికి అది గర్వంగా కనిపించి గాలం కర్రతో నుదుటి మీద కొడతాడు. రక్తం వస్తుంది. చంద్రుడికి మచ్చ ఉన్నట్టు నీకూ ఉండాలి అన్నట్టు మాట్లాడతాడు. తర్వాత తన చొక్కా చింపి కట్టు కడతాడు.

చదివేవాళ్లకి ఆ కట్టే గుర్తుండేట్టు రాసినారు. దెబ్బ ప్రేమగుర్తు అయిపోయింది. రచయిత ఎక్కడైనా ఆగి ఇది తప్పు అని ఒక్క ముక్క అంటాడేమో అని చూసినాను. అనలేదు.

జేజితో ఈ మాటంటే, “ఆ కాలం అట్లుండె పాపా” అనింది. సగం నిజమే. పదమూడేళ్లకే పెళ్లి, కులం అంతస్తు చూసి సంబంధం వద్దనడం, పిల్లలున్న పెద్దాయనకి ఇచ్చి చేయడం, ఇవన్నీ ఆ కాలానివే, శరత్ వాటిని దాచకుండా చూపించినాడు. ఆ గొప్ప నేను కాదనను. కానీ గురజాడ ‘కన్యాశుల్కం’ కూడా ఆ కాలందే కదా. అది మొదట 1897లో అచ్చయింది, శరత్ దేవదాసు రాసింది 1900 ప్రాంతంలో, అచ్చయింది 1917లో. గిరీశం కూడా బుచ్చమ్మకి తీపి మాటలు చెప్తాడు. కానీ అవి ఉత్త మాటలని మనకి తెలిసేట్టే గురజాడ రాసినాడు. మనం గిరీశాన్ని చూసి నవ్వుతాం, బుచ్చమ్మ వాడి చేతిలో పడకూడదని అనుకుంటాం. చివరికి ఆమె పూనాలో చదువుకోడానికి పోతుంది. అంటే ఆ కాలంలో కూడా ఇంకో రకంగా రాయొచ్చు.

నాకు ఎక్కువ బాధ కలిగింది చివరి పేజీలో. దేవదాసు పార్వతి ఇంటి ముందు చచ్చిపోతాడు. ఆమె పరిగెత్తుకుంటూ వస్తే ఇంట్లోవాళ్లు ఆపేస్తారు. అప్పుడు రచయితే మనతో మాట్లాడతాడు. పార్వతి ఏమైందో తనకి తెలీదంటాడు, తెలుసుకోవాలని కూడా లేదంటాడు. దేవదాసు కోసం మాత్రం మనల్ని జాలిపడమంటాడు. బతికున్న మనిషి ఏమైందో అక్కర్లేదా? తాగి తాగి చచ్చిపోయిన అతని పేరు మన వీధుల దాకా వచ్చింది. దెబ్బ తిని, మూసిన గేటు వెనక మిగిలిన అమ్మాయి పేరుతో మనం ఎవర్నీ పిలవం.

ఈ నవల అచ్చు వేయొద్దని శరత్ తన స్నేహితుడికి ఉత్తరం రాసినాడంట. అది తెలిశాక ఆయన మీద నా కోపం కొంచెం తగ్గింది.

పుస్తకం అక్కకి ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ ఆమే నా చేతిలోంచి తీసుకుని రెండు రోజుల్లో చదివేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. “ఈ పాప కూడా పంతులు కొట్టినాడని చెప్పింది చూడు” అనింది. తర్వాత, “అంత రక్తం వచ్చింది కదా, ఆ నొప్పి ఎన్నాళ్లుందంట?” అని అడిగింది.

మచ్చ గురించి పుస్తకంలో ఉంది అక్కా, నొప్పి గురించి లేదు అని చెప్పినాను. పుస్తకం పక్కన పెట్టేసి, మీ అమ్మ ఇంట్లో ఉందా, కొంచెం మాట్లాడాలి అనింది.