వెలిసిపోయిన నీలం

సావనీరుకి ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘ కార్యదర్శి నుంచి కబురొచ్చింది. "పూర్వ విద్యార్థులు కాలేజీ జ్ఞాపకాలు రాస్తే బాగుంటుంది సార్" అన్నాడు పాపం. కాలేజీ జ్ఞాపకాలంటే అందరూ రాసేవే గదా: క్యాంటీను, హాస్టలు మెస్సు, ఎన్నికల రోజుల్లో గోడల మీది రాతలు. అవన్నీ నాకూ వున్నాయి. కాని ఈ కాలేజీ మాట ఎత్తగానే నాకు ముందు గుర్తొచ్చేది మా అయ్య తెప్ప. అందులోనూ దాని రంగు. అంచేత ఆ సంగతే రాస్తున్నాను. చదువరులు క్షమింతురు గాక.

మాది విశాఖపట్నంలో జాలారిపేట. మా తాతది కర్ర తెప్ప. దుంగల్ని తాళ్ళతో కట్టుకుని వేటకి వెళ్ళడం, వచ్చాక విప్పి ఇసకలో ఆరబెట్టడం, అంతే. కర్ర తెప్పకి రంగు గొడవ లేదు. మా అయ్య 2009లో అప్పు చేసి ఫైబరు తెప్ప కొన్నాడు. 28 అడుగుల పొడుగు, ముదురు నీలం. "తెల్లది కొనకపోయావా, ఎండకి చల్లగా వుంటాది" అని పేటలో పెద్దలన్నారు. "తెల్లది ఆస్పత్రి మంచంలాగుంటాది" అన్నాడు అయ్య. మొదటి రెండేళ్ళూ ఆ తెప్ప పక్కన నిలబడి తల దువ్వుకునేవాళ్ళం. అద్దంలా వుండేది.

తర్వాత తర్వాత మసకేసింది. మొదట పొగమంచు పట్టినట్టు, ఆపైన సుద్దముక్కతో రుద్దిన పలకలాగ అయింది. చెయ్యి రాస్తే అరచేతికి తెల్లటి పొడి అంటుకునేది. అయ్యకి అది చిన్నతనంగానే వుండేది గాని పైకి అనేవాడు కాదు. పొద్దున్నే ఒక బకెట్టు నీళ్ళు తెప్ప మీద కొట్టేవాడు. తడిసినంతమేరా పాత నీలం ఠక్కున బయటికొచ్చేది. "రంగు ఎక్కడికీ పోనేదురా, ఇక్కడే వుంది" అనేవాడు. నీళ్ళారగానే మళ్ళీ మసకే. ఆ మాట నేనెన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒక్కసారైనా ఆలోచించలేదు.

2018 వేసవికి నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. తెప్పలన్నీ ఒడ్డునే. ఆ రోజుల్లోనే మరమ్మతులు, అమ్మకాలు, కొనుగోళ్ళు. అక్క పెళ్ళి అప్పు అలాగే వుంది. నా రెండో ఏడాది ఫీజుకి దారి లేదు. అయ్య తెప్ప అమ్మేస్తానన్నాడు. సొంత తెప్ప వున్నవాడు వేరేవాళ్ళ తెప్ప మీద కళాసీగా వెళ్ళడమంటే మా పేటలో చిన్నమాట కాదు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

భీమిలి వేపు నుంచి ఒకాయన బేరానికొచ్చాడు. ఇంజను చూశాడు, అడుగు చూశాడు, బాగానే వుందన్నాడు. చివరికి పక్కన అరచెయ్యి రాసి ఆ పొడి అయ్యకి చూపించాడు. "రంగంతా చచ్చిపోయింది మామా. లోపలెలాగుందో ఎవడికి తెలుసు? పదిహేను వేలు తగ్గించుకో" అన్నాడు. రెండు వారాల్లో మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

పేటలో ఒకరు ఉపాయం చెప్పారు: బేరం రోజు పొద్దున్న నూనె పూసెయ్యండి, నిగనిగలాడుతుంది అని. నాకు బాగానే వుందనిపించింది. అయ్య ఒప్పుకోలేదు. "నూనె నాలుగు రోజులుంటాది. అయిదో రోజు ఆడు సముద్రం మీద మనల్ని తలుచుకుంటాడు. ఆ తలుపు మనకొద్దు" అన్నాడు.

అయితే నా చదువు ఎందుకు? పైన పాడైన పొర గీకేస్తే కింద మంచిది వుంటుందని నా లెక్క. బజారుకి పోయి 120 నంబరు ఎమిరీ కాగితం తెచ్చాను. అయ్య సంతకి వెళ్ళిన పూట, మిట్టమధ్యాహ్నం ఎండలో, ముక్కు దగ్గర వంపు మీద మొదలుపెట్టి బలంకొద్దీ రుద్దాను. నీలం పొడి రాలుతుంటే పని జరుగుతోందని సంబరం. ఉన్నట్టుండి నీలం మధ్యలో జానెడు మేర పచ్చటి మచ్చ తేలింది. మచ్చ కాదు, గ్లాసు పీచు! రంగు పొర తెగిపోయి తెప్ప ఎముక బయటపడింది.

అయ్య సాయంత్రం వచ్చి చూశాడు. తిట్టలేదు. పక్కన కూచుని బీడీ వెలిగించాడు. "ఎవరినైనా అడక్కపోయావా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండును.

మర్నాడు బస్సెక్కి కాలేజీకి వచ్చాను. సెలవుల్లో కూడా ల్యాబు విడిచిపెట్టని మాస్టారొకరుండేవారు. సిగ్గు చంపుకుని అంతా చెప్పాను. బకెట్టు నీళ్ళ మాట వినగానే ఆయన లేచి నిలబడ్డారు. "మీ నాన్నగారు సగం జవాబు చెప్పేశారు గదయ్యా! నువ్వు వినలేదు."

ఆయన చెప్పింది ఇది. ఫైబరు పడవ తయారుచేసేటప్పుడు అచ్చులో ముందుగా రంగు కలిపిన పాలియెస్టరు రెసిన్ పూస్తారు. దాన్నే జెల్‌కోటు అంటారు. దాని మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. దాని వెనక గ్లాసు మ్యాటు, రెసిన్ పొరలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైనున్న రెసిన్ గొలుసుల్ని తెంపుతాయి. దానికి ఉప్పు, తేమ, వేడి తోడవుతాయి. పైతలం కంటికి కనపడనంత గరుకై, సన్నటి గుంటలు పడుతుంది. వెలుతురు ఆ గరుకు మీద పడి నలువేపులా చెదిరిపోతుంది. చెదిరిన వెలుతురే మనకి తెలుపుగా కనిపిస్తుంది. నీళ్ళు పోస్తే గుంటలు నిండుతాయి. నీటి వక్రీభవన గుణకం 1.33, రెసిన్‌ది సుమారు 1.5, గాలిది 1. గాలి కంటే నీరు రెసిన్‌కి దగ్గర గనుక చెదరడం తగ్గి అసలు రంగు కనిపిస్తుంది. "పొడి ఇసక తెల్లగా, తడి ఇసక నల్లగా ఎందుకుంటుందో సముద్రపొడ్డున పుట్టినవాడివి నీకు నేను చెప్పాలా?" అన్నారు. తెల్ల పడవకీ ఈ జబ్బు వస్తుందిట, కాని తెలుపు మీద తెలుపు కనపడదు. ముదురు రంగు వేడిని కూడా ఎక్కువ పీల్చుకుంటుంది. తడిపినప్పుడు రంగు తిరిగొస్తే రంగు చావలేదన్నమాట, పైతలం మాత్రమే పాడైంది. తడిపినా రాకపోతే అప్పుడు వేరే ఆలోచించాలి.

"వున్నదే అర మిల్లీమీటరు. నువ్వు 120తో దిగావు. గడ్డం గియ్యమంటే గొడ్డలి పట్టుకెళ్ళినట్టుంది" అని నవ్వి, పద్ధతంతా కాగితం మీద రాసిచ్చారు.

ఆ పద్ధతిలోనే చేశాం, నేనూ అయ్యా కలిసి. ముందు మంచినీళ్ళూ సబ్బుతో ఉప్పంతా కడిగాం. థిన్నరు గుడ్డతో జిడ్డు తీశాం. పైన టార్పాలిను కట్టి నీడ చేసుకున్నాం, ఎండలో చేస్తే కాంపౌండు ఎండి పట్టేస్తుంది గనుక. ఎవరికీ కనపడని మూల అరచెయ్యంత చోట పరీక్షించి చూశాం. 1000 నంబరు నీటి కాగితం, ఆ తర్వాత 1500, ఆ తర్వాత 2000, నీళ్ళు పోస్తూ తేలికచేత్తో. వంపుల దగ్గర, అంచుల దగ్గర మరీ జాగ్రత్త, అక్కడ పొర త్వరగా తెగుతుంది. ఆపైన రబ్బింగు కాంపౌండు, చివర మైనం. గుడ్డకి నీలం అంటినప్పుడల్లా నా గుండె గుభేలుమనేది, పోతున్నది జెల్‌కోటే గదా. ఎనిమిది రోజులు పట్టింది. అయ్య చెయ్యి నాకంటే తేలిక. వల అల్లిన చెయ్యి.

తెగిన చోట ఫైబరు మేస్త్రీ రంగు కలిపిన జెల్‌కోటు వేశాడు. గాలి తగిలితే పైపొర జిగటగా వుండిపోతుందని ప్లాస్టిక్ కాగితం కప్పి ఆరబెట్టాడు. కాని కొత్త నీలం పాత నీలంలో కలవలేదు. మాసిక మాసికలాగే వుండిపోయింది.

బేరగాడు అన్నమాట ప్రకారం వచ్చాడు. తెప్పని చూసి కాసేపు మాట్లాడలేదు. నేను మాసిక వున్న వేపు అడ్డంగా నిలబడ్డాను. అయ్య నన్ను పక్కకి తప్పించి తనే చూపించాడు. "ఇది మావోడు సేసిన పని. లోపల మాటు బాగానే వుంది, తట్టి సూసుకో. మూడు నెలలకోసారి మైనం రాయాల, నేకపోతే మళ్ళీ వెలిసిపోతాది" అన్నాడు. ఆయన తట్టి చూశాడు. పదిహేను వేలకి బదులు నాలుగు వేలు తగ్గించుకుని సొమ్ము లెక్కపెట్టాడు.

ఆ సొమ్ములోంచే నా ఫీజు కట్టాం. జూన్ 15న వేట మొదలైనప్పుడు అయ్య ఇంకొకరి తెప్ప మీద కళాసీగా వెళ్ళాడు. ఆ ఉదయం నేను ఒడ్డుకి వెళ్ళలేకపోయాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెప్పుకుంటున్నాను. పిల్లలు ల్యాబులో తప్పు చేసి దాచబోయినప్పుడు ఆ జానెడు మాసిక కళ్ళ ముందుకొస్తుంది.

మొన్నొక వేసవి సెలవుల్లో అయ్యతో భీమిలి వెళ్ళాను. ఒడ్డున తెప్పల వరసలో మాది చూడగానే గుర్తుపట్టాను, మాసిక వల్లనే. మైనం ఎవరూ రాసినట్టు లేదు. మళ్ళీ సుద్ద పలకలాగ అయింది. అయ్య ఆటో దిగలేదు. నేను పక్కనున్న బకెట్టు తీసుకుని సముద్రపు నీళ్ళు ముంచి తెప్ప మీద కొట్టాను.

వెనక్కి తిరిగి చూస్తే అయ్య ఆటోలోంచి మెడ చాచి చూస్తున్నాడు.

"పోనేదు" అన్నాడు.