నిద్ర లేపే మాట

పిల్లలూ, పొద్దెక్కినా నిద్రపోతున్న తమ్ముణ్ణి మీరు ఎలా లేపుతారు? "ఒరేయ్, లే!" అంటారు. అదే తాతగారినైతే? "తాతగారూ, లేవండి," అంటారు. పని ఒకటే, మాట మారింది.

ఇటలీ దేశంలో కూడా ఇంతే. అక్కడ స్నేహితుణ్ణి లేపాలంటే "జ్వేల్యతి!" అంటారు. అంటే "మేలుకో!" అని. కొత్తవారినీ, పెద్దమనుషులనూ లేపాలంటే మాత్రం "సి జ్వేల్యి" అనాలి. అంటే "మేలుకోండి" అని.

నేను ఇటాలియన్ భాష నేర్చుకుంటున్నప్పుడు ఈ రెండో మాట నాకు చాలా వింతగా తోచింది. ఎందుకంటే, దాని అసలు అర్థం "ఆమె మేలుకొనుగాక" అని! ఎదుట ఉన్నది గడ్డాల తాత అయినా సరే, మర్యాదగా మాట్లాడేటప్పుడు ఇటలీవారు "లేయి" అంటారు. "లేయి" అంటే "ఆమె".

ఇలా ఎందుకు వచ్చింది? పూర్వం అక్కడ గొప్పవారిని "మీ దొరతనం" అని సంబోధించేవారు. ఇటాలియన్‌లో "దొరతనం" అనే మాట స్త్రీలింగం. అందుచేత దొరగారు కాస్తా "ఆమె" అయి కూర్చున్నారు! నవ్వకండి. మనవాళ్ళు కూడా ఎదుట నిలబడి ఉన్న మనిషితోనే, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు, "అయ్యగారు దయచేయాలి" అనేవారు కదా!

ఈ చిన్న మాట మీద ఒకప్పుడు ప్రభుత్వానికే కోపం వచ్చింది. 1938లో ముసోలినీ ప్రభుత్వం, "లేయి" పరాయివాళ్ళ అలవాటనీ, దానికి బదులు "వోయి" అనాలనీ ఉత్తర్వులు చేసింది. "వోయి" అంటే "మీరు". 1943లో ముసోలినీ పదవి పోయింది. "లేయి" మళ్ళీ దర్జాగా తిరిగివచ్చింది. దక్షిణ ఇటలీలో కొన్నిచోట్ల పెద్దవారిని "వోయి" అనడం ఇప్పటికీ ఉంది. అది ఎవరో ఆజ్ఞాపిస్తే వచ్చింది కాదు, తాతల నాటి అలవాటు.

మరొక విశేషం. ఇటలీలో ఈనాటి పిల్లలు అమ్మనూ, నాన్ననూ, తాతనూ కూడా "నువ్వు" అనే పిలుస్తారు. అందుకని వారికి గౌరవం లేదనుకోకండి. ఇంటివారి దగ్గర చనువు, బయటివారి దగ్గర మర్యాద—అది వారి పద్ధతి.

రైలు ఆఖరి స్టేషనుకు చేరింది, పక్కన ఒక పెద్దాయన ఇంకా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడనుకోండి. అప్పుడు ఇటలీ కుర్రవాడు "స్కూజి, సి జ్వేల్యి," అంటాడు. "క్షమించండి, మేలుకోండి," అని. స్నేహితుడైతే ఆ "స్కూజి" కూడా "స్కూజా" అయిపోతుంది. ఎంత తొందరలో ఉన్నా నాలుక ఈ తేడా మరిచిపోదు.

మర్యాద పట్టనిది ఒక్కటే ఉంది. అలారం గడియారాన్ని ఇటలీలో "జ్వేల్యా" అంటారు. అది మాత్రం దొరనైనా, బంటునైనా ఒకే కేకతో లేపుతుంది!