మన తీరం పేరు... చైనా తెరకు!

కోరమాండల్ అంటే మనకు గుర్తొచ్చేది రైలు, లేదంటే ఎరువుల బస్తా. అదే లండన్‌లోనో ప్యారిస్‌లోనో పాత సామాన్లు వేలం వేసేవాళ్లను అడగండి. నిలువెత్తు చెక్క తెర అంటారు. నల్లగా నిగనిగలాడుతూ, ఎక్కువగా పన్నెండు రెక్కలతో మడతపెట్టుకునే తెర. తమాషా ఏంటంటే, అది తయారైంది కోరమాండల్ తీరంలో కాదు... చైనాలో!

చెక్క పలకల మీద మెత్తటి మట్టి పూతలు వేసి, పైన లక్క పూస్తారు. లక్క అనగానే ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి కానీ, ఆ లక్క పురుగు నుంచి వచ్చేది. చైనావాళ్లది చెట్టు పాలు. పూత ఆరాక బొమ్మ గీసి, అంచుల గీతలు మాత్రం ఉంచి, లోపలి భాగం చెక్కేస్తారు. ఆ గుంటల్లో రంగులు నింపుతారు. అక్కడ ఈ పనిని ‘క్వాన్ త్సాయ్’ అంటారు. రాజప్రాసాదాలు, పూలు, పక్షులు... రెక్కలన్నీ పరిస్తేనే బొమ్మ పూర్తవుతుంది. పెద్దల పుట్టినరోజుకు కానుకగా ఇచ్చే తెరల వెనక శుభాకాంక్షలు చెక్కించేవారు. కాంగ్‌షీ చక్రవర్తి (1661-1722) కాలంలో వీటికి మహా గిరాకీ.

మరి మన పేరెలా వచ్చింది? ఐరోపా వెళ్లే చైనా సరుకు ఈ తీరంలోని రేవుల్లో ఓడలు మారేది. కొన్నవాళ్లకు ఆ పేరే తెలిసింది. ఇంగ్లండువాళ్లు మొదట్లో జావాలోని బాంటమ్ రేవు పేరు పెట్టి పిలిచారు. పేరు సంగతి అలా ఉంచితే, అక్కడ చాలా తెరలను నిలువునా కోసి బీరువాలు చేశారు, గోడలకు తాపారు. రెక్కలన్నీ కలిస్తేనే అందం అనుకుని చెక్కినవాడు చూస్తే ఏమనేవాడో!

‘చోళమండలం’ విదేశీయుల నోట కోరమాండల్ అయిందంటారు. నెల్లూరు తీరమూ అందులోదే. వాకాడు మీదుగా దుగరాజపట్నం వెళితే సరుగుడు తోటలు, లైట్‌హౌస్, ఆ పక్కన పులికాట్ ఉప్పునీళ్లు. ఇంగ్లిషువాళ్ల ‘ఆర్మగాన్’ ఇదే. 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టుకుంది. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసులో స్థలం సంపాదించాక మకాం అటు మారింది. లక్క తెరలకు గిరాకీ వచ్చేసరికే ఆర్మగాన్ ఖాళీ. చైనా సరుకు మాత్రం ఈ తీరానికి అంతకు చాలా ముందే వచ్చింది. కాస్త ఉత్తరాన కోట మండలం కొత్తపట్నంలో జరిపిన తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి.

ఆర్మగాన్‌లో కంపెనీ దిగింది తెరల కోసం కాదు, నూలు బట్టల కోసం. ఇక్కడివాళ్లు నేసి, అద్దిన పూల బట్ట ఐరోపా ఇళ్లలో పరదా అయింది, దుప్పటి అయింది. దాన్ని అక్కడ కోరమాండల్ అనలేదు. ‘ఛీంట్’ అనే హిందీ మాటను తిప్పి ‘చింట్జ్’ అన్నారు.