కొత్త వూఫర్‌తో తొందరొద్దు!

హాల్లో మొదటి ఆట చూసొచ్చినవాడికి ఆ 'ధన్' మనే మోత రెండ్రోజులు గుండెల్లోనే ఉంటుంది. అది నా పాత మారుతీ కారులోనూ వినబడాలని నాకో పిచ్చి! జీతంలో మిగిల్చి మిగిల్చి పన్నెండంగుళాల సబ్‌వూఫర్ కొన్నాను. బిగించిన సాయంత్రమే వాల్యూమ్ చివరిదాకా తిప్పేశాను. పావుగంట అదిరింది. తర్వాత కాలిన వాసన... ఆపైన నిశ్శబ్దం!

"ఆంప్లిఫయర్ తాహతుకి మించి పెంచారు. శబ్దం పగిలింది, ఆ వేడికి వాయిస్ కాయిల్ మాడింది" అన్నాడు మెకానిక్.

"డబ్బు తగలేశావ్!" అన్నారు నాన్న.

రెండోది కొనడానికి ఆరు నెలలు పట్టింది. ఈసారి బుద్ధొచ్చింది లెండి. కొత్త వూఫర్లో కోన్‌ని పట్టి ఉంచే స్పైడరూ, అంచునుండే రబ్బరూ బిగుసుగా ఉంటాయి, అచ్చం కొత్త చెప్పుల్లా! కొన్ని గంటలు మధ్యస్థంగా మోగిస్తే సడలుతాయి. అడుగు స్వరాలు కాస్త తేలిగ్గా పలుకుతాయి. అయితే ఒకమాట... ఎంత మచ్చిక చేసినా, గెయిన్ అతిగా పెడితే పాతదైనా మాడక తప్పదు!

రెండు వారాలు ఆఫీసుకి వెళ్తూ వస్తూ ఇళయరాజాగారి పాటలే పెట్టాను, 1989 నాటి 'గీతాంజలి'తో మొదలుపెట్టి. అన్నీ మెల్లగానే. చిత్రమేమిటంటే, ఇన్నేళ్ళుగా వింటున్న ఆ పాటల అడుగున బేస్ గిటార్ తన దారిన తాను మరో పాట పాడుకుంటోందని అప్పుడే తెలిసింది!

మొన్న నాన్న కారెక్కారు. ఊరు దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "కాస్త పెంచరా" అన్నారు.

పెంచాను... కాస్తే!