నేల మీది గూడు



మార్చి నెలలో, ఇంటర్ పరీక్షలు అయిపోయిన వారం, మన యవ్వనస్థులు పదకొండు మందితో లక్నాపూర్ ప్రాజెక్టు దగ్గర ఒక రాత్రి గడిపి వచ్చాం. పరిగికి ఇంత దగ్గర ఉన్నా ఆ నీళ్ల ఎదుట తీరికగా కూర్చున్నది ఎన్నడూ లేదు. గుడారాలు మనకు కొత్త కాదు గదా, ఏటా నవంబరులో ధారూర్ జాతరకు వేసుకొనేవే. వాటినే ఆటోలో వేసుకొని, సంఘ సహోదరుడొకరి బీడు చేనులో దిగాం. ఒక తమ్ముడు బైనాక్యులర్ తెచ్చాడు. పక్షులను చూపించి, దేవుని పోషణ గురించి చెప్పాలని మా ఆశ.

అయితే బయలుదేరే ముందు సాయంత్రం జరిగిన సంగతి మొదట చెప్పాలి. ఒక తల్లి మా గడప దగ్గరకు వచ్చి కేకలు వేసింది. “అయ్యగారూ, మా పోరన్ని నీళ్లకాడికి తీస్కపోవద్దు. ఏమన్నయితే ఎవరు జవాబు చెప్తరు?” వాడకట్టు వాళ్లంతా చూశారు. మాకు తలవంపుగా తోచింది. “ఇన్నేండ్లుగా ప్రార్థనకు వస్తున్నావు గదమ్మా, ఇంత అవిశ్వాసమా?” అన్నాం. ఆమె మారుమాట లేకుండా వెళ్లిపోయింది. అబ్బాయి మాతోనే వచ్చాడు. మాదే పైచేయి అనుకున్నాం.

ఆ సాయంత్రం నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం, లకుముకి పిట్ట నిట్టనిలువుగా నీళ్లలోకి దూకడం చూసి పిల్లలు సంతోషించారు. పాటలు, ప్రార్థన అయి పడుకున్నాక తీతువు పిట్ట అరుపు మొదలైంది. ఆగి ఆగి, మా గుడారం మీదుగా తిరుగుతూ ఒకటే అరుపు. “ఇది అరిస్తే కీడు అంటరు అయ్యగారూ,” అన్నాడొకడు. భయపడవద్దని చెప్పి ప్రార్థన చేశాం గాని, నిజం చెప్పాలంటే మాకూ నిద్ర పట్టలేదు.

తెల్లవారినాక తెలిసింది. గుడారానికి పది అడుగుల దూరంలో, గులకరాళ్ల మధ్య, నాలుగు గుడ్లు ఉన్నాయి. పుల్ల లేదు, గడ్డి లేదు, ఉత్త నేల. మట్టిరంగు మీద నల్ల మచ్చలు. కాలు పడేదాకా కనబడవు. తీతువు గూడు అంతేనట. ఎండాకాలం మొదలయ్యే ఈ రోజుల్లోనే అది గుడ్లు పెడుతుంది. ఆడ, మగ రెండూ వంతులవారీగా పొదుగుతాయి. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. దాచుకోవడానికి కొమ్మ లేని పక్షికి అరుపు ఒక్కటే గోడ. మేము కీడు అనుకున్నది కాపలా.

వెంటనే గుడారం పీకి చాలా దూరం జరిగాం. బైనాక్యులర్‌లో చూస్తుంటే కొంతసేపటికి పక్షి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. అరుపు ఆగింది. అప్పుడు ఆ అబ్బాయి మెల్లగా అన్నాడు: “మా అమ్మ గూడ గిట్లనే ఒర్లుతది అయ్యగారూ. మా మామ చిన్నగున్నప్పుడు చెరువుల పడి పాయె. ఆ దినం చూసుకొమ్మని అమ్మనే కావలి పెట్టిన్రట.”

మేము ఈ సంఘంలో తొమ్మిదేండ్లుగా ఉన్నాం. ఆ సంగతి ఒక్కనాడూ అడగలేదు. పైగా ఆమె అడిగినది సరైన ప్రశ్న. మాలో ఈత వచ్చినవారు ఇద్దరే. తాడు కూడా తీసుకుపోలేదు. విశ్వాసం అనే మాటతో మా నిర్లక్ష్యాన్ని కప్పుకున్నాం.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 6, 7 వచనాలు చదవండి. దారిలో పక్షి గూడు కనబడితే, అది చెట్టు మీదున్నా నేల మీదున్నా, పిల్లలతో కూడ తల్లిని పట్టుకోకూడదు. ఇంత చిన్న ఆజ్ఞకు దేవుడు జోడించిన వాగ్దానం ఏమిటో చూడండి. మేలు, దీర్ఘాయువు. తలిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞకు ఇచ్చిన వాగ్దానం కూడా ఇదే (5:16). తల్లి ప్రాణం కొట్టుకోవడాన్ని ఆయన తేలికగా తీసుకోలేదు. మన ప్రభువు కూడా యెరూషలేమును చూచి దుఃఖించినప్పుడు, రెక్కల కింద పిల్లలను చేర్చుకొనే కోడితో తన్ను పోల్చుకున్నాడు (మత్తయి 23:37).

తిరిగి వచ్చి మా ఇంటికి పోకముందే ఆమె ఇంటికి పోయాం. “క్షమించమ్మా, తప్పుగా మాట్లాడినం” అన్నాం. ఆమె మా వైపు చూడలేదు. కొడుకు తల నిమిరి, వెంట్రుకలు తడిగా ఉన్నాయేమో చూసుకుంది. పొడిగానే ఉన్నాయి. అప్పుడు లోపలికి పోయి మాకు మంచినీళ్లు తెచ్చింది. క్షమించిందో లేదో చెప్పలేదు. మేమూ అడగలేదు.

ప్రియులారా, మీ ఇంట్లో, మీ వాడలో ఎప్పుడూ గట్టిగా అరిచే మనిషి ఒకరుంటారు. గయ్యాళి అనో అవిశ్వాసి అనో పేరు పెట్టకముందు, వారి గూడు ఎక్కడుందో, మన కాలు ఎక్కడ పడుతుందో ఒకసారి చూద్దాం. ఇకమీదట పిల్లలను ఎక్కడికి తీసుకుపోయినా, ముందుగా తల్లిదండ్రులతో కూర్చొని మాట్లాడతాం. ఇది మీ అందరి ఎదుట మేము ఇస్తున్న మాట.

వినే చెవులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.